ముందు పని, వెనకాలే నమ్మకం

(హైదరాబాద్‌లో పీజీ, పరిశోధక విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశం ఆత్మవిశ్వాసం, పీజీ చదువులో విజయం. ఇలాంటి అంశం ఇచ్చారంటే మామూలుగా వక్త నుంచి ఆశించేది ఒకటుంటుంది. మీలో అపారమైన శక్తి ఉంది, అనుకుంటే ఏదైనా సాధిస్తారు అని నాలుగు మాటలు చెప్పి, చప్పట్లు కొట్టించి దిగిపోవడం. నేను ఆ పని చేయను. చాలా ఏళ్లుగా పీజీ క్లాసులకు పాఠం చెబుతున్నాను. అలాంటి ప్రసంగం విన్న సాయంత్రం పిల్లల ముఖాలు వెలిగిపోవడం చూశాను. సోమవారం వచ్చేసరికి అదే పిల్లలు అదే పుస్తకం ముందు బిక్కమొహం వేసుకుని కూర్చోవడమూ చూశాను. మాటలతో వచ్చిన ధైర్యం కష్టమైన మొదటి పేజీ దాటదు. కాబట్టి ఈ నమ్మకం అసలు ఎక్కడి నుంచి వస్తుంది, ఎలా పోతుంది, పోయాక మళ్లీ ఎలా తెచ్చుకోవాలి, ఇవాళ అది మాట్లాడుకుందాం.

దీని మీద అందరికంటే లోతుగా పని చేసిన మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా. కెనడాలో పుట్టి, అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జీవితమంతా పని చేసి, 2021లో చనిపోయారు. 1977లో ఆయన రాసిన ఒక వ్యాసం ఈ రంగానికి పునాది. ఆ వ్యాసం వెనక ఉన్న ప్రయోగాలు ఏమిటో తెలుసా? పాములంటే వణికిపోయే మనుషులతో చేసినవి. కొందరికి వేరే మనిషి పామును పట్టుకుంటుంటే చూపించారు. కొందరి చేత, పక్కనే ఉండి సాయం చేస్తూ, నెమ్మదిగా వాళ్లతోనే పట్టించారు. ప్రయోగానికి ముందూ తర్వాతా అడిగిన ప్రశ్నలు చూడండి. బోను దగ్గరికి వెళ్లగలవా? చేత్తో తాకగలవా? ఒళ్లో పాకుతుంటే కూర్చోగలవా? ఒక్కో మెట్టుకు ఒక్కో ప్రశ్న. నువ్వు ధైర్యవంతుడివా అని ఎవరూ అడగలేదు. స్వయంగా పట్టుకున్నవాళ్లలో నమ్మకం, చూసి ఊరుకున్నవాళ్ల కంటే బాగా పెరిగింది.

ఇందులోంచి మనం తీసుకోవాల్సింది ఇది. "నేను గొప్పవాడినా, నాకు తెలివి ఉందా" అన్న ప్రశ్నకీ, "ఈ పని, ఇదిగో ఈ ఒక్క పని, నేను చేయగలనా" అన్న ప్రశ్నకీ సంబంధం చాలా తక్కువ. మొదటి ప్రశ్న రాత్రి నిద్ర పట్టనివ్వదు, దానికి జవాబు దొరకదు. రెండో ప్రశ్నకు జవాబు దొరుకుతుంది, ఎందుకంటే పని చేసి చూడొచ్చు.

మరి ఈ నమ్మకానికీ మార్కులకూ సంబంధం ఉందా? ఉంది. 1991లో మల్టన్, బ్రౌన్, లెంట్ అనే ముగ్గురు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్క వేశారు. విద్యార్థుల ఫలితాల్లో కనిపించే తేడాల్లో సుమారు 14 శాతం ఈ నమ్మకంతో ముడిపడి ఉందని తేలింది. మిగతా 86 శాతం వేరే సంగతులది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో దీని దగ్గరికి వస్తాను. 2012లో రిచర్డ్‌సన్, ఆమె సహచరులు యూనివర్సిటీ విద్యార్థుల మీద వచ్చిన పరిశోధనలు కలిపి చూశారు. తెలివితేటల పరీక్షలతో సంబంధం లేని నలభై పైచిలుకు అంశాలు పక్కపక్కన పెట్టి చూస్తే, "నేను ఫలానా గ్రేడు తెచ్చుకోగలను" అన్న అంచనాకే గ్రేడుతో అన్నిటికంటే గట్టి సంబంధం కనిపించింది.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే, అయితే ముందు నమ్మకం పెంచుకుందాం, చదువు దానంతట అదే వస్తుంది అనుకుంటారు. చాలామంది వక్తలు ఇక్కడే ఆపేస్తారు. కానీ ఏది ముందు, ఏది వెనక? బాగా చదివేవాడికి నమ్మకం వస్తుందా, నమ్మకం ఉన్నవాడు బాగా చదువుతాడా? దీన్ని తేల్చాలంటే ఒకే విద్యార్థి నమ్మకాన్నీ మార్కులనూ ఒకసారి కొలిచి, కొంతకాలం ఆగి మళ్లీ రెండూ కొలవాలి. అలా కొలిచిన అధ్యయనాలను ఆస్ట్రేలియాలో కేట్ టాల్స్మా, ఆమె సహచరులు కలిపి 2018లో ప్రచురించారు. రెండు దిశల్లోనూ ప్రభావం ఉంది. అయితే ఫలితం నుంచి నమ్మకానికి వెళ్లే దారి బలంగా ఉంది, నమ్మకం నుంచి ఫలితానికి వెళ్లే దారి దానికంటే బలహీనంగా ఉంది. అంటే ముందు చేతిలో ఒక పని పూర్తవ్వాలి. దాని వెనకాలే నమ్మకం వస్తుంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్న మాట ఇదే. మిగతాదంతా దీన్ని మన హైదరాబాద్‌లో, మన హాస్టళ్లలో, మన క్లాసుల్లో ఎలా చేసుకోవాలన్నదే.

మీరంతా ఎలా వచ్చారిక్కడికి? మీ డిగ్రీ కాలేజీలో మీరు మొదటి వరస. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్‌లో ర్యాంకు వచ్చింది. ఊళ్లో అందరూ యూనివర్సిటీకి పోతున్నాడు, పోతున్నది అన్నారు. వచ్చి క్లాసులో కూర్చుంటే పక్కవాడూ కాలేజీ టాపరే, వెనక అమ్మాయీ టాపరే. మొదటి ఇంటర్నల్స్‌లో ఎప్పుడూ చూడని మార్కులు వస్తాయి. అప్పటిదాకా మీ గురించి మీకున్న లెక్క మొత్తం తలకిందులవుతుంది. ఆస్ట్రేలియాలోనే పని చేసిన హెర్బర్ట్ మార్ష్ 1980ల నుంచి దీన్ని చూపిస్తూ వచ్చారు. ఒకే సామర్థ్యం ఉన్న ఇద్దరిలో, గట్టివాళ్లున్న క్లాసులో పడ్డవాడు తనను తాను తక్కువగా అంచనా వేసుకుంటాడు. అతని తెలివి ఎక్కడికీ పోలేదు, పక్కన కూర్చున్నవాళ్లు మారారంతే. మొదటి సెమిస్టర్‌లో "నేనిక్కడ ఉండాల్సినవాణ్ని కాదేమో, ఏదో పొరపాటున సీటొచ్చింది" అనిపించిందంటే మీరు ఒంటరివాళ్లేం కాదు. ఇదే భావాన్ని 1978లో పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఎంతో సాధించిన మహిళల్లోనే చూసి రాశారు.

ఇక భాష. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఈ ఊళ్లో పీజీ పిల్లల నమ్మకం ఎక్కువగా విరిగేది ఇక్కడే.

ఎంఏ మొదటి సెమిస్టర్ అమ్మాయి ఒకామె నా గదికి వచ్చింది. జిల్లాలో డిగ్రీ, తెలుగు మీడియం. వచ్చి, "మేడమ్, నాతోని అయితలేదు, ఇంటికి పోతా" అంది. ఏమి అయితలేదమ్మా అన్నాను. చదువు అంది. చదువులో ఏం అని అడిగితే చాలాసేపటికి, "పేపర్ చదవనీకి వస్తలేదు" అని బ్యాగ్‌లోంచి జిరాక్స్ తీసింది. ఇంగ్లీష్ పరిశోధనా వ్యాసం. మొదటి పేజీ అంతా మాటల నెత్తి మీద పెన్సిల్‌తో తెలుగు అర్థాలు. రెండో పేజీలో సగం దాకా ఉన్నాయి. అక్కణ్నుంచి పేజీలు తెల్లగా ఉన్నాయి. ఆ పిల్ల ఎక్కడ ఆగిపోయిందో ఆ పెన్సిల్ చెబుతోంది.

నేను లోపలి పేజీలో ఉన్న టేబుల్ తీశాను. అడ్డ వరసల్లో ఏమున్నాయి? జిల్లాలు. నిలువు గడుల్లో? ఆడవాళ్ల కూలి, మగవాళ్ల కూలి. తేడా ఎక్కడ ఎక్కువుంది? వేలు పెట్టి చూపించింది. ఎందుకై ఉంటుంది? ఇక అక్కణ్నుంచి ఆగలేదు. వాళ్ల ఊళ్లో పత్తి ఏరడానికి ఆడవాళ్లే ఎందుకు పోతారు, మందు కొట్టడానికి మగవాళ్లకు రోజుకు ఎంతిస్తారు, ఏరిన పత్తికి కిలో లెక్కన ఇస్తే ముసలమ్మలకు ఎంత గిట్టుతుంది, అన్నీ చెప్పింది. ఆ వ్యాసంలో రచయిత పేజీల కొద్దీ వివరించిన కారణాల్లో రెండు ఆమె చదవకుండానే చెప్పేసింది. ఆమెకు చదువు రాకపోవడం కాదు. మొదటి వాక్యం నుంచి మాటమాటకూ అర్థం రాసుకుంటూ పోయే పద్ధతి ఆమెను ముంచింది. తర్వాతి వారం ఆ టేబుల్ మీద అరపేజీ తెలుగులో రాసుకొచ్చింది. దాన్నే ఇద్దరం కూర్చుని ఇంగ్లీష్‌లోకి మార్చాం. సెమినార్‌లో ఆ టేబుల్‌తోనే మొదలుపెట్టింది, చేయి వణికింది గానీ మాట వణకలేదు.

తెలుగులో ఆలోచించి తర్వాత ఇంగ్లీష్‌లోకి పోవడం సిగ్గుపడాల్సిన పనిలా మనకు ఎవరో నేర్పారు. ఇదే ఊళ్లో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు బోధనా భాష ఇంగ్లీష్ కాదు, ఉర్దూ. వైద్యం సహా పై చదువులన్నీ ఉర్దూలో చెప్పారు. పాఠ్యపుస్తకాల కోసం అంతకుముందే ఒక అనువాద విభాగం పెట్టి, ప్రపంచ భాషల్లోని శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. ఇక్కడి జనంలో ఎక్కువమందికి ఉర్దూ ఇంటి భాష కాదు కదా అంటే, నిజమే, అది వేరే చర్చ. కానీ ఎంత పెద్ద శాస్త్రమైనా మన దేశ భాషలో ఆలోచించవచ్చు, బోధించవచ్చు, పరీక్ష రాయవచ్చు అని ఈ నేల మీద ఒకసారి రుజువైంది. ఇంగ్లీష్ నేర్చుకోవాలి, గట్టిగా నేర్చుకోవాలి, అందులో రెండో మాట లేదు. అది వచ్చేదాకా ఆలోచన ఆపుకోవాల్సిన అవసరం మాత్రం లేదు.

ఇప్పుడు పని పూర్తి చేయడం సంగతి. 1981లో బండూరా, డేల్ షంక్ కలిసి లెక్కల్లో బాగా వెనకబడిన చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. తీసివేతల పుస్తకం, 42 పేజీలు, ఏడు రోజుల పని. ఒక గుంపుకు రోజూ ఆరు పేజీలు లక్ష్యంగా పెట్టుకోమన్నారు. ఇంకో గుంపుకు చివరికల్లా 42 పేజీలు పూర్తి చేయాలన్నారు. మూడో గుంపుకు లక్ష్యమేదీ చెప్పలేదు. పుస్తకం ఒకటే, లెక్కలు ఒకటే. రోజుకు ఆరు పేజీల పిల్లలు లెక్కలూ బాగా నేర్చుకున్నారు, "నేను చేయగలను" అన్న నమ్మకమూ వాళ్లకే ఎక్కువ వచ్చింది, లెక్కల మీద ఇష్టమూ వాళ్లకే పెరిగింది. 42 పేజీల పిల్లలకు వచ్చింది చాలా తక్కువ.

పీహెచ్‌డీ వాళ్లు దీన్ని వేరే చెవితో వినాలి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం మీకు ఆరేళ్ల దాకా గడువు. అంటే మీ చేతిలో పెట్టింది 42 పేజీల లక్ష్యమే. ఎప్పుడో ఇవ్వాల్సిన థీసిస్. మధ్యలో కోర్సు వర్క్ ఉంది, సినాప్సిస్ ఉంది, గైడ్‌తో మీటింగులు ఉన్నాయి. వాటి మధ్య నెలలకు నెలలు ఏమీ పూర్తి కాకుండా గడిచిపోతాయి. ఏమైంది సబ్మిషన్ అని ఇంట్లో అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. ఆ ఖాళీలోనే నమ్మకం కరిగిపోతుంది, సోమరితనం వల్ల కాదు. చదివిన ఒక్కో వ్యాసానికి ఒక్కో పేరా రాయండి. ఎవరు, ఏ డేటా, ఏం తేలింది, నాకు ఎక్కడ ఒప్పుకోబుద్ధి కాలేదు. ఈ నాలుగూ రాసి, తేదీ వేసి, ఒక ఫైల్లో పెట్టండి. శనివారం ఆ ఫైలు తెరిస్తే వారంలో పూర్తైన పని కంటికి కనబడాలి. "సాహిత్య సమీక్ష రాయాలి" అని డైరీలో రాసుకుంటే అది ఎప్పటికీ కొట్టివేయలేని గీత. "ఫలానా వ్యాసం మీద పేరా" అని రాసుకుంటే రాత్రికల్లా కొట్టివేయొచ్చు.

ముందు వరసలో కూర్చున్న అధ్యాపక మిత్రులకు ఇప్పుడు ఒక మాట. సముద్రం ఒడ్డున వానరులంతా డీలాపడి కూర్చున్నప్పుడు హనుమంతుడిలో ధైర్యం నింపింది జాంబవంతుడని మనందరికీ తెలుసు. వక్తలు ఎప్పుడూ చెప్పే కథే. జాంబవంతుడు ఏమన్నాడో మాత్రం ఎవరూ సరిగా చూడరు. నువ్వు చేయగలవు, నీ మీద నాకు నమ్మకముంది అని ఊరికే అనలేదు. పసివాడిగా ఉన్నప్పుడే పొద్దున్నే ఉదయించే సూర్యుణ్ని పండనుకుని ఆకాశానికి ఎగిరావు అని, జరిగిన సంగతిని జరిగినట్టు గుర్తుచేశాడు. పొగడ్తలో ఆధారం ఉంది. మనం పిల్లల అసైన్‌మెంట్ల మీద "గుడ్" అనో "ఇంకా మెరుగుపరుచుకోవాలి" అనో రాసి ఇచ్చేస్తాం. ఆ రెండు మాటలతో పిల్లవాడు ఏం చేసుకుంటాడు? "రెండో పేరాలో నీ వాదన సూటిగా ఉంది. నాలుగో పేరాలో ఏ లెక్క చూసి ఈ మాట అన్నావో లేదు, అది చేర్చు" అని రాయండి. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. అది చదివిన విద్యార్థికి తను ఏం చేయగలిగాడో తెలుస్తుంది, తర్వాత ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

సీనియర్లకూ ఒక పని చెబుతాను. లైబ్రరీలో థీసిస్‌లు నల్ల బైండింగ్, బంగారు అక్షరాలతో వరసగా ఉంటాయి. కొత్తవాళ్లు చూసేది అవే. దాని వెనక ఏడుసార్లు తిప్పిపంపిన అధ్యాయం ఎవరికీ కనబడదు. షంక్ 1985లో హాన్సన్‌తో కలిసి చేసిన ఇంకో ప్రయోగంలో, టీచరు లెక్క చేస్తుంటే చూసిన పిల్లల కంటే, తమలాంటి పిల్లవాడు చేస్తుంటే చూసినవాళ్లకు నమ్మకం ఎక్కువ వచ్చింది. కాబట్టి హాస్టల్లో జూనియర్లకు మీ మొదటి సినాప్సిస్ చూపించండి, గైడ్ ఎర్ర పెన్నుతో కొట్టేసిన కాపీయే చూపించండి. ఆ ఎర్ర గీతలు మీకు అవమానం కాదు, వాళ్లకు దారి.

వైవా ముందు, లెక్చరర్ ఉద్యోగానికీ ఫెలోషిప్‌కీ అర్హత కోసం రాసే నెట్ పరీక్ష ముందు గుండె దడదడలాడటం గురించి చాలామంది అడుగుతారు. టెన్షన్ తగ్గించుకోండి అని సలహా ఇస్తారు, తగ్గదు. జెరెమీ జేమీసన్, సహచరులు 2010లో, అమెరికాలో పీజీ చేరడానికి రాసే జీఆర్‌ఈ పరీక్షకు చదువుతున్న విద్యార్థుల్లో కొందరికి ఒక్క మాట చెప్పి పంపారు. పరీక్షప్పుడు వచ్చే ఆ దడ మీ ఫలితాన్ని పాడు చేయదు, సాయం కూడా చేయవచ్చు అని. ఆ మాట విన్నవాళ్లు లెక్కల భాగంలో విననివాళ్ల కంటే బాగా చేశారు, తర్వాత రాసిన అసలు పరీక్షలో కూడా. దడ వస్తే రానివ్వండి. ఒళ్లు పనికి సిద్ధమవుతోంది.

అతి నమ్మకం సంగతీ చెప్పాలి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, అశోక్‌నగర్ రీడింగ్ రూముల్లో పొద్దుణ్నుంచి రాత్రిదాకా ఒకే పుస్తకాన్ని మూడోసారి, నాలుగోసారి చదివే పిల్లలున్నారు. చదివిన ప్రతిసారీ తెలిసినట్టే ఉంటుంది. రోడిగర్, కార్పికీ 2006లో చూపించింది ఇదే. మళ్లీ మళ్లీ చదివినవాళ్లు తమకు బాగా గుర్తుంటుందని నమ్మారు. వారం తర్వాత ఎక్కువ గుర్తున్నది పుస్తకం మూసి, గుర్తున్నది రాసుకుని చూసుకున్నవాళ్లకు. పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాయండి. మొదట బాధగా ఉంటుంది, సగం కూడా రాదు. ఆ వచ్చిన సగం మాత్రం నిజంగా మీది.

ఇప్పుడు ఆ 86 శాతం దగ్గరికి వస్తాను. ఫెయిలైన విద్యార్థితో "నీకు ఆత్మవిశ్వాసం లేదు" అనడం మన దగ్గర చాలా తేలికైపోయింది. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. నెట్ ద్వారా జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, వచ్చినవాడికి నెలకు 37,000 రూపాయలు. నెట్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేరినవాడికి 8,000. ఆ ఎనిమిది వేలు కూడా నెలలు ఆలస్యమైతే, మెస్ బిల్లు కట్టలేక రాత్రి ట్యూషన్లు చెప్పుకునే పిల్లవాడికి నమ్మకం గురించి ఉపన్యాసం ఏం పెడతాం? అతనికి కావాల్సింది ఫెలోషిప్ సమయానికి రావడం.

గది కూడా లెక్కలోకి వస్తుంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో బడి పిల్లలకు చిక్కుదారుల పజిల్స్ ఇచ్చారు, 2006లో ప్రచురించారు. కులం ఊసెత్తనప్పుడు దళిత పిల్లలు మిగతావాళ్లతో సమానంగా చేశారు. అందరి ముందూ పేరుతో పాటు కులం చదివి వినిపించాక, అదే పజిల్స్‌లో వాళ్ల ఫలితం గణనీయంగా పడిపోయింది. పిల్లలు మారలేదు, గదిలో ఒక వాక్యం చేరింది. మన క్లాసుల్లో యాసను చూసి నవ్వడం, "ఏ కోటాలో వచ్చావు" అని అడగడం, ఇంగ్లీష్‌లో తడబడితే మధ్యలో ఆపేయడం ఇవన్నీ అలాంటి వాక్యాలే. వాటిని ఆపే బాధ్యత ఆ పిల్లవాడిది కాదు, ఆ గదిని నడిపేవాళ్లది. నేను కూడా అందులో ఉన్నాను.

విభాగాల వాళ్లను ఒకటే కోరుతున్నాను. మొదటి సెమిస్టర్ మొదటి నెలలోనే ఒక పేజీ పని ఇవ్వండి, మార్కులు లేకుండా. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీష్ ఏ భాషలోనైనా రాయనివ్వండి. వారంలోపు కామెంట్లతో తిరిగివ్వండి, మళ్లీ రాయించండి. ఇంటర్నల్స్ వచ్చేలోపు ప్రతి విద్యార్థి చేతిలో తను రాసి, దిద్దుకుని, పూర్తి చేసిన పేజీ ఒకటి ఉండాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక ప్రశ్నలు తీసుకుందాం. మైక్ వెనక వరసల నుంచి మొదలుపెట్టండి. మీకు ఏ భాషలో వస్తే ఆ భాషలో అడగండి.